దత్తాంశ నిర్వహణ, సంభావ్యత: క్లాసులో చేయించి నేర్పే పద్ధతి

దత్తాంశ నిర్వహణ పాఠం చాలా క్లాసుల్లో తొందరగా అయిపోతుంది. పుస్తకంలో పట్టిక ఇచ్చి ఉంటుంది. దానికి కమ్మీ చిత్రం గీస్తారు, సగటు కడతారు, మార్కులు తెచ్చుకుంటారు. ఆ అంకెలు ఎవరు, ఎందుకు, ఎలా సేకరించారో పిల్లలకు తెలియదు, వాళ్లకు అడగాలనీ తోచదు. సంభావ్యతదీ ఇదే కథ. 'అనుకూల ఫలితాలు బై మొత్తం ఫలితాలు' అని తడుముకోకుండా చెప్పే పిల్లాడిని, వరుసగా ఐదుసార్లు బొరుసు పడింది, ఈసారి ఏం పడుతుందని అడగండి. "బొమ్మే పడాలి కదా" అంటాడు. సూత్రం వచ్చింది గానీ నమ్మకం మారలేదు.

ఆ నమ్మకాన్ని కదిలించడానికి ఈ మార్గదర్శిలోని పనులన్నిటికీ ఒకే వరుస పెట్టాను: ముందు ఊహ రాయించాలి, తర్వాత చేయించాలి, లెక్క ఆఖర్న వేయించాలి. ఊహను నోటితో చెప్పిస్తే సరిపోదు, పెన్నుతో రాయించాలి. రాయకపోతే ఫలితం చూశాక "నాకు ముందే తెలుసు" అనే పిల్లలే క్లాసంతా ఉంటారు. రాసినది తప్పని తన చేతిలోని పాచికే చూపించినప్పుడు, ఎందుకిలా అయిందన్న ప్రశ్న వాళ్లలోనే పుడుతుంది. లెక్క చెప్పడానికి అదే సరైన సమయం.

ఈ పనులు సుమారు పదేళ్ల నుంచి పదిహేనేళ్ల వయసు పిల్లలకు సరిపోతాయి. అన్నీ చేయించాలని లేదు. తీరిక తక్కువైతే నిమిషం ఆట, దొంగ టాసులు, మూసిన సంచి, ఈ మూడైనా వదలకండి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఇద్దరికొక నాణెం, రెండు రంగుల పాచికలు, లోపలిది కనిపించని గుడ్డ సంచులు, రంగు పూసలు, పేపర్ కప్పులు, గళ్ల కాగితం, స్కేళ్లు, సెకన్లు చూపే గడియారం. నాణేలు, పాచికలు మూత ఉన్న చిన్న డబ్బాల్లో వేసి ఇవ్వండి. డబ్బా ఊపి మూత తీసి చూస్తే చాలు. ఈ ఒక్క ఏర్పాటుతో బల్లల కింద నాణేలు వెతుక్కునే గొడవ తప్పుతుంది, సగం పీరియడ్ మిగులుతుంది.

ప్రతి పిల్లాడి నోటు పుస్తకంలో ఒక పేజీని నాలుగు భాగాలుగా గీయించండి: నా ఊహ, జరిగింది, లెక్క ప్రకారం, ఇప్పుడు నేననుకుంటున్నది. ఏ పని చేసినా ఈ నాలుగూ నిండాలి.

మొదటి మెట్టు: ప్రశ్న తయారు చేయడం

దత్తాంశం ప్రశ్నతో మొదలవుతుంది. కాబట్టి పట్టిక ఇచ్చే ముందు పిల్లల చేత ప్రశ్నలు రాయించి, వాటిని వాళ్ల చేతే దిద్దించండి. "మీకు చదవడం ఇష్టమా?" అని ఒకరు రాస్తారు. అందరూ అవుననే అంటారు, లెక్కించడానికి ఏమీ మిగలదు. దాన్ని "గత ఏడు రోజుల్లో పాఠ్యపుస్తకం కాకుండా ఇంకేదైనా ఎన్ని రోజులు చదివావు?" అని మార్చితే సున్నా నుంచి ఏడు దాకా జవాబులు వస్తాయి. సమాధానాలు మనిషికీ మనిషికీ మారకపోతే అది ఈ పాఠానికి పనికిరాదు. ఈ పరీక్ష ఒక్కటి నేర్పితే చాలు, చెత్త ప్రశ్నల్ని పిల్లలే పక్కన పెట్టేస్తారు.

బరువు, మార్కులు, ఇంటి ఆదాయం మాత్రం క్లాసులో సేకరించకండి. ఎత్తు కూడా వద్దనే అంటాను. పుస్తకాలు దాన్ని ఉదాహరణగా ఇస్తాయి గానీ, వరుసలో ఎప్పుడూ చివర నిలబడే పిల్లాడికి ఆ రోజు గణితం గుర్తుండదు. జాన పొడవు కొలిపించండి. అదీ మనిషికో రకంగా ఉంటుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు. అయితే జాన ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి, వేళ్లు ఎంత సాగదీయాలి అన్నది ముందే క్లాసంతా ఒప్పుకోవాలి. ఒకే చేతిని ఇద్దరు వేర్వేరుగా కొలిచి రెండు అంకెలు తెస్తే గదమాయించకండి. కొలతలోనే తేడా ఉంటుందన్న మాట వాళ్లంతట వాళ్లు కనిపెట్టినట్టే.

రెండో మెట్టు: నిమిషం ఆట

దత్తాంశ నిర్వహణ మొత్తాన్ని ఒకే ఆటతో నేర్పాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

1. పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టండి. ఒకరు కళ్లు మూసుకుంటారు, రెండోవారి దగ్గర గడియారం ఉంటుంది.
2. ఆడే ముందు అందరూ ఊహ రాయాలి: మన క్లాసులో ఎక్కువమంది 60 సెకన్లకంటే ముందే చెబుతారా, దాటాక చెబుతారా?
3. "మొదలు" అనగానే కళ్లు మూసుకున్నవారు నిమిషం అయిందనిపించినప్పుడు చెయ్యెత్తాలి. జంటలో రెండోవారు సెకన్లు రాసుకోవాలి, పైకి చెప్పకూడదు. తర్వాత పాత్రలు మార్చుకోవాలి.
4. అంకెలన్నీ వచ్చిన వరుసలోనే, ఏ క్రమమూ లేకుండా, బోర్డు మీద రాయండి.

నాలుగో అంశాన్ని తప్పకుండా పాటించండి. మీరే సర్ది రాస్తే పాఠం అక్కడితో పోతుంది. నలభై అంకెలు చిందరవందరగా కనిపిస్తున్నప్పుడు "ఇందులోంచి ఏం చెప్పగలరు?" అని అడిగి కాసేపు ఆగండి. అన్నిటికంటే చిన్నది, పెద్దది వెతుకుతారు. ఆ తర్వాత ఎవరో ఒకరు "వరుసలో పెడదామా" అంటారు. అప్పుడు పదుల అంకెను ఎడమవైపు, ఒకట్ల అంకెను కుడివైపు రాసే పట్టిక చూపించండి. 41, 45, 48 అనే మూడూ ఒకే వరుసలో 4 | 1 5 8 అని కూర్చుంటాయి. ఒక్క అంకె కూడా పోదు, గుంపు ఎక్కడుందో కంటికి కనబడుతుంది.

ఆ తర్వాతే తరగతి అంతరాలు. 40 నుంచి 50, 50 నుంచి 60 అని రాస్తే సరిగ్గా 50 చెప్పినవారు ఎందులోకి వెళ్లాలి? జవాబు మీరు చెప్పకండి, వాదించుకోనివ్వండి. నియమం ఏదైనా ఫరవాలేదు, చివరి దాకా ఒకటే ఉండాలన్న దగ్గరికి వాళ్లే వస్తారు. గణన చిహ్నాలతో పౌనఃపున్య పట్టిక (ఏ అంతరంలో ఎంతమందో చూపేది) వేయించి, సోపాన చిత్రం (అంతరాల మీద ఒకదానికొకటి ఆనుకుని నిలిచే దిమ్మెలు) గీయించండి. ఇప్పుడు క్లాసును మూడు గుంపులుగా చేసి, ఒక గుంపుకు 5 సెకన్ల అంతరం, రెండో గుంపుకు 10, మూడోదానికి 20 ఇవ్వండి. మూడు చిత్రాలను పక్కపక్కన అతికిస్తే మూడు వేర్వేరు క్లాసుల సంగతిలా ఉంటుంది. ఒకదానిలో గుంతలూ గుట్టలూ, ఇంకోదానిలో రెండే రెండు లావుపాటి దిమ్మెలు. అంకెలు మాత్రం అవే. గ్రాఫులో కనిపించే ఆకారంలో గీసినవారి నిర్ణయం కూడా కలిసి ఉంటుందని ఇంతకంటే తేలిగ్గా చూపించడం కష్టం.

ఎవరో 12 సెకన్లకే చెయ్యెత్తి ఉంటారు, ఇంకెవరో 140 దాకా ఆగి ఉంటారు. వాటిని తీసేయాలా? పిల్లలు వెంటనే తీసేద్దామంటారు. కారణం చెప్పమనండి. నవ్వొచ్చి ఆట ఆపేశానని 12 సెకన్ల అమ్మాయి చెబితే ఆ అంకె ఈ ప్రశ్నకు జవాబు కాదు, తీసేయవచ్చు. 140 చెప్పిన అబ్బాయి నిజంగానే అంతసేపు అనుకుని ఉంటే ఆ అంకెను ఉంచాల్సిందే. మనకు ఇబ్బందిగా ఉందని అంకెను తీసేయడం దత్తాంశాన్ని దిద్దడం అవుతుంది.

ఎవరెవరు ఎంత చెప్పారో తెలిశాక అదే ఆట మళ్లీ ఆడించండి. గుంపు 60 దగ్గరికి జరిగిందా? అంకెల మధ్య దూరం, అంటే వ్యాప్తి, తగ్గిందా? రెండూ వేరు ప్రశ్నలు. ఒకటి మారి రెండోది మారకపోవచ్చు. ఆ తేడా చెప్పగలిగిన పిల్లలకు మధ్యగతం (వరుసలో పెడితే నడిమధ్య పడే అంకె) ఎందుకో, వ్యాప్తి ఎందుకో విడిగా చెప్పనక్కర్లేదు.

మూడో మెట్టు: గ్రాఫులు

గ్రాఫులు గీయడం మీద ఎక్కువ పీరియడ్లు పెట్టకండి. నిలబడి చేసే కమ్మీ చిత్రం ఒకసారి చేయిస్తే చాలు. నేలమీద గీత గీసి, ఒక్కో జవాబుకు ఒక్కో వరుసలో నిలబడమనండి. మొదటిసారి ఎడాపెడా నిలబడతారు, తక్కువమంది ఉన్న వరుస పొడవుగా కనిపిస్తుంది. నేలమీద సమాన గళ్లు ఎందుకు కావాలో అప్పుడు తెలుస్తుంది.

వృత్తరేఖా చిత్రానికి కోణమానినితో మొదలుపెట్టకండి. ప్రతి పిల్లాడికీ ఒకే కొలత కాగితం ముక్క ఇచ్చి, తన జవాబుకు తగ్గ రంగు వేయించండి. ఒకే రంగు ముక్కలను పక్కపక్కన పెడితే కమ్మీలు. ఆ కమ్మీలన్నిటినీ కొసలు కలిపి ఒకే పొడుగు పట్టీగా అతికించి, గుండ్రంగా చుట్టి నేలమీద నిలబెట్టండి. రంగు మారిన ప్రతిచోటు నుంచి మధ్యలోకి దారం లాగితే వృత్తరేఖా చిత్రం తయారు. నలభైమంది ఉంటే ఒక్కొక్కరి వాటా ఎన్ని డిగ్రీలు? 360ని 40తో భాగిస్తే 9. ఆ 9 అంటే తన కాగితం ముక్కేనని పిల్లాడికి కనిపిస్తూనే ఉంటుంది.

గ్రాఫులు గణితంతో పాటే పుట్టాయని పిల్లలు అనుకుంటారు. కమ్మీ చిత్రాన్ని విలియం ప్లేఫెయిర్ 1786లో, వృత్తరేఖా చిత్రాన్ని 1801లో ప్రచురించాడు. గణితం వయసుతో పోలిస్తే ఇవి నిన్నమొన్నటివి.

గ్రాఫులో మోసాన్ని పట్టుకోవడం నేర్పాలంటే మోసం చేయించడమే దారి. రెండు జట్లకు 48, 52 పాయింట్లు వచ్చాయనుకోండి. సగం క్లాసు తేడా ఏమీ లేనట్టు గీయాలి, మిగతా సగం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉన్నట్టు గీయాలి. అంకెలు మార్చకూడదు. కాసేపటికి ఎవరో ఒకరు నిలువు గీతను 45 దగ్గర మొదలుపెడతారు. ఒక కమ్మీ 3 గళ్లు, రెండోది 7 గళ్లు, రెట్టింపుకు మించి కనిపిస్తుంది. ఆ రోజు నుంచి ఏ గ్రాఫు చూపించినా "సున్నా ఎక్కడుంది?" అని అడుగుతారు.

నాలుగో మెట్టు: సగటు, మధ్యగతం

సగటుకు కూడి భాగించడం చివరి అంశం. ఐదుగురు పిల్లలకు 3, 7, 4, 9, 2 చొప్పున పూసలివ్వండి. మొత్తం లెక్కపెట్టకుండా, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుని అందరి దగ్గరా సమానంగా అయ్యేలా చేయమనండి. తలా ఐదు వస్తాయి. ఇప్పుడు సూత్రం చెప్పండి: మొత్తం 25, మనుషులు ఐదుగురు. ఆ తర్వాత ప్రతి అంకె 5 కంటే ఎంత తక్కువో, ఎంత ఎక్కువో రాయించండి. తక్కువైనవి 2, 1, 3, మొత్తం 6. ఎక్కువైనవి 2, 4, మొత్తం 6. సగటుకు రెండు పక్కలా బరువు సమానమన్న సంగతి ఎవరూ బట్టీ పట్టనక్కర్లేకుండా తేలిపోతుంది.

మధ్యగతానికి జాన పొడవుల వరుసలో నిలబెట్టి, రెండు కొసల నుంచీ ఒక్కొక్కరిని కూర్చోమనండి. చివరికి నిలబడి ఉన్నవారిది మధ్యగతం. ఇద్దరు మిగిలితే ఏం చేయాలో వాళ్లనే అడగండి.

ఇప్పుడు పూసల అంకెల్లో 9ని 90 చేయండి. లెక్క వేసే ముందు ఊహ రాయాలి, మరిచిపోకండి. సగటు 5 నుంచి 21.2కి ఎగిరిపోతుంది. మధ్యగతం 4 దగ్గరే కూర్చుంటుంది. ఐదుగురిలో ఒక్కరు కూడా 21కి దరిదాపుల్లో లేరు. 'సగటు మనిషి' గురించి వినబడే మాటలను క్లాసులో చర్చకు పెట్టడానికి ఇదే తగిన చోటు.

హోంవర్కుగా ఎప్పుడూ తలకిందుల ప్రశ్నలే ఇవ్వండి. ఐదు సంఖ్యలు రాయండి, సగటు 6, మధ్యగతం 4, బాహుళకం (అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే సంఖ్య) 3 రావాలి. 3, 3, 4 దాకా సులువు. మిగిలిన రెండిటి మొత్తం 20. కొందరు 8, 12 రాస్తారు. 10, 10 రాసినవారిని ఆపి బాహుళకం మళ్లీ చూసుకోమనండి. ఇలాంటి ప్రశ్నకు జవాబులు చాలా ఉంటాయి కాబట్టి పక్కవాడి నోటు పుస్తకం చూసి రాసే పని కూడా ఉండదు.

ఐదో మెట్టు: సంభావ్యతలోకి దిగడం

తాడు ఒకటి కట్టి ఒక కొసన 'అసంభవం', రెండో కొసన 'ఖచ్చితం' అని కార్డులు తగిలించి, 'పాచిక మీద 7', 'టాసులో బొమ్మ' లాంటి ఘటనలను ఎక్కడ తగిలించాలో అడగడం అందరికీ తెలిసిన ఆటే. పది నిమిషాలు చాలు. సున్నా నుంచి ఒకటి దాకా ఉన్న కొలబద్ద కళ్లముందు నిలబడితే దాని పని అయిపోయినట్టే.

వెంటనే పేపర్ కప్పు తీయండి. దాన్ని ఎగరేస్తే మూడు రకాలుగా పడొచ్చు: నిలబడి, బోర్లా, పక్కకు. మూడు ఫలితాలు కాబట్టి ఒక్కోదానికీ మూడో వంతు అవకాశమని చాలామంది రాస్తారు. ఒక్కో జంటా 50 సార్లు వేశాక ఆ ఊహ నిలవదు. నాణేనికి, పాచికకు ముందే లెక్క వేయగలిగింది వాటి ముఖాలన్నీ సమానం కాబట్టి. కప్పుకు ఆ సమానత్వం లేదు, వేసి చూసి దత్తాంశంతో చెప్పాల్సిందే. దీన్ని నాణేనికంటే ముందే చేయించమంటాను. లేకపోతే 'సమసంభవ' (అన్నిటికీ సమాన అవకాశం) అన్న పదం నిర్వచనంలో ఒక అలంకారంగా మిగిలిపోతుంది.

ఆరో మెట్టు: దొంగ టాసులు

పిల్లలు ఏడాది తర్వాత కూడా మాట్లాడుకునే ఆట ఇది.

1. జంటలు చీటీ తీస్తాయి. సగం జంటలు నిజంగా 100 సార్లు నాణెం వేసి 'మ', 'రు' అని వరుసగా రాస్తాయి (బొమ్మకు 'మ', బొరుసుకు 'రు').
2. మిగతా జంటలు నాణెం ముట్టుకోకుండా, నిజంలా కనిపించేలా 100 టాసులు ఊహించి రాస్తాయి.
3. మీరు గది బయటికి వెళ్లండి. కాగితాల మీద పేర్లుండవు, వెనకవైపు రహస్య గుర్తు మాత్రమే ఉంటుంది.
4. లోపలికి వచ్చి ఒక్కో కాగితం చూసి 'నిజం', 'దొంగ' అని విడదీయండి.

కిటుకు ఏమిటంటే, ఒకే ముఖం వరుసగా ఎన్నిసార్లు వచ్చిందో చూడాలి. నిజమైన 100 టాసుల్లో ఎక్కడో ఒకచోట ఐదు గానీ అంతకు మించి గానీ ఒకే ముఖం వరుసగా వచ్చే అవకాశం సుమారు 97 శాతం. ఆరు గానీ అంతకు మించి గానీ రావడానికి కూడా దాదాపు 80 శాతం అవకాశం ఉంది. ఊహించి రాసే పిల్లలు మూడు నాలుగు 'మ'లు పడేసరికి భయపడి 'రు' వేసేస్తారు. అందుకే వరుసలు పొట్టిగా ఉన్న కాగితం దాదాపు దొంగదే. ఒకటో రెండో తప్పు పట్టినా ఫరవాలేదు, అది సంభావ్యత పాఠంలో భాగమే.

కిటుకు చెప్పాక అడగండి: మీరెందుకు అక్కడ మార్చారు? "అన్నిసార్లు ఒకటే రాదు కదా" అంటారు. ఆ నమ్మకం పెద్దవాళ్లకూ ఉంటుంది. 1913లో మాంటె కార్లో క్యాసినోలో రూలెట్ చక్రం వరుసగా 26 సార్లు నలుపు మీద ఆగింది. ఈసారి ఎరుపు రాక తప్పదని ఆడినవాళ్లు ప్రతి విడతలోనూ ఎరుపు మీదే కాసి పోగొట్టుకున్నారు. చక్రానికి గానీ నాణేనికి గానీ గడిచినది గుర్తుండదు.

మరి సగం సగం అంటారు కదా, అదెలా? అందరి నిజమైన టాసులనూ బోర్డు మీద కూడుతూ పోండి. 100కి 54 బొమ్మలు, 1000కి 512 అనుకోండి. సగం నుంచి తేడా 4 నుంచి 12కి పెరిగింది. వంతు మాత్రం 0.54 నుంచి 0.512కి, అంటే సగానికి దగ్గరగా వచ్చింది. చాలా పుస్తకాలు ఇక్కడ తొందరగా దాటిపోతాయి, మీరు ఆగండి. ఎక్కువ పడిన బొమ్మలను నాణెం తర్వాత 'సరిచేయదు'. టాసులు పెరిగేకొద్దీ ఆ తేడా మొత్తంలో పలచబడిపోతుంది, అంతే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న జాన్ కెరిచ్ అనే గణితవేత్త నాణేన్ని 10,000 సార్లు ఎగరేసి లెక్క రాసుకున్నాడు. 5,067 బొమ్మలు వచ్చాయి. గణాంకవేత్త కార్ల్ పియర్సన్ 24,000 టాసుల్లో 12,012 బొమ్మలు చూశాడు. మీ క్లాసు మొత్తాన్ని ఈ వరుస పక్కనే రాయండి.

ఏడో మెట్టు: రెండు పాచికల పరుగు పందెం

బోర్డు మీద 1 నుంచి 12 దాకా గుర్రాలు, ఒక్కోదానికి పది గళ్ల దారి. ప్రతి పిల్లాడూ ఒక గుర్రాన్ని ఎంచుకుని పేరు రాస్తాడు. రెండు పాచికలు వేసి మొత్తం ఎంతైతే ఆ గుర్రం ఒక గడి ముందుకు. 1వ గుర్రాన్ని కావాలనే పెట్టాం. ఒకరిద్దరు దాన్నే ఎంచుకుంటారు, అది కదలదని మూడో నాలుగో వేటుకు గానీ గుర్తించరు.

రెండో పందేనికి అందరూ మధ్యకు వచ్చేస్తారు. అయినా 7 ప్రతిసారీ గెలవదు, 6 గానీ 8 గానీ దాటేయొచ్చు. "మరి 7 మంచిదని ఎలా అంటారు?" అని మీరే ఎదురు వాదించండి. ఎక్కువ అవకాశం ఉండడం, ఖచ్చితంగా గెలవడం ఒకటి కాదన్న మాట వాళ్ల నోటే రావాలి.

తర్వాత ఎరుపు పాచిక అడ్డంగా, నీలం పాచిక నిలువుగా పెట్టి 36 గళ్ల పట్టిక నింపించండి. 7 ఆరు గళ్లలో, 2 ఒక్క గడిలో వస్తాయి. ఇక్కడ ఒక పిల్ల "రెండు, ఐదు అన్నా ఐదు, రెండు అన్నా ఒకటే కదా" అంటుంది. అది తెలివితక్కువ ప్రశ్న కాదు. రెండు టాసుల్లో కనీసం ఒక బొమ్మ పడే అవకాశం మూడింట రెండు వంతులని 1754లో దాలంబేర్ అంతటి గణితవేత్త రాశాడు, అసలు జవాబు నాలుగింట మూడు వంతులు. జవాబు చెప్పకుండా రెండు నాణేలు ఇవ్వండి. రెండూ బొమ్మలైతే ఒక జట్టుకు, రెండూ బొరుసులైతే రెండో జట్టుకు, చెరొకటైతే మూడో జట్టుకు పాయింటు. అరవై సార్లు వేసేసరికి మూడో జట్టు దాదాపు సగం పాయింట్లు పట్టుకుపోతుంది, ఓడిన జట్లు ఆట అన్యాయమని గోల పెడతాయి. ఎందుకో వాళ్లే వెతుకుతారు.

పెద్ద పిల్లలకు గెలీలియో లెక్క ఇవ్వండి. మూడు పాచికలతో 9, 10 రెండూ ఆరేసి రకాలుగా ఏర్పడతాయి, అయినా 10 కాస్త ఎక్కువగా వస్తుంది. ఎందుకు? క్రమం కూడా లెక్కిస్తే 216లో 9కి 25 దారులు, 10కి 27.

ఎనిమిదో మెట్టు: అన్యాయపు ఆటను దిద్దడం

రెండు పాచికల మీది సంఖ్యల తేడా 0, 1, 2 అయితే నాకు పాయింటు, 3, 4, 5 అయితే నీకు. చెరి మూడు అంకెలు, సమానంగానే ఉందనిపిస్తుంది. ఇరవై వేట్లు ఆడాక ఎవరూ రెండో పక్షం తీసుకోరు. పట్టిక వేస్తే 36లో 24 నావి, 12 నీవి. ఇప్పుడు నియమాలు మార్చి ఆటను సమం చేయమనండి. కొందరు అంకెలు మారుస్తారు, కొందరు నీకు రెండేసి పాయింట్లంటారు. రెండూ సరే, నిరూపించి చూపాలి. దీని తర్వాత లబ్ధం ఆట: గుణిస్తే సరిసంఖ్య వస్తే ఒకరికి, బేసి వస్తే మరొకరికి. 27కి 9. బేసి పక్షానికి మూడేసి పాయింట్లిస్తే సమం. డబ్బులు కాసే మాటను క్లాసులోకి రానివ్వకండి.

తొమ్మిదో మెట్టు: మూసిన సంచి

దత్తాంశం, సంభావ్యత ఒకే పాఠమని పిల్లలకు తెలిసేది ఈ సంచి దగ్గరే. ప్రతి గుంపుకూ ఒక సంచి ఇవ్వండి. లోపల పది పూసలున్నాయని మాత్రమే చెప్పండి. మీరు వేసినవి 6 ఎరుపు, 3 నీలం, 1 ఆకుపచ్చ. అన్ని సంచుల్లోనూ ఇవే ఉన్నాయని చెప్పకండి.

చూడకుండా ఒక పూస తీయాలి, రంగు రాయాలి, తిరిగి వేసేయాలి, బాగా కలపాలి. తిరిగి వేయడం మరిచిపోతే లెక్కంతా మారిపోతుంది కాబట్టి ఆ పనికి గుంపులో ఒకరిని పెట్టండి. పదిసార్లు తీశాక లోపల ఏమున్నాయో ఊహ రాయాలి. ఇంకో ఇరవైసార్లు తీశాక ఊహ మార్చుకోవచ్చు, ఎందుకు మార్చారో రాయాలి.

పది తీతల తర్వాత గుంపుల ఊహలను బోర్డు మీద పెడితే ఒకదానికొకటి పొంతన ఉండదు. సుమారు మూడింట ఒక గుంపుకు ఆకుపచ్చ పూస కనిపించనే కనిపించదు. పదిసార్లు తీసినా అది రాకపోయే అవకాశం 35 శాతం దాకా ఉంది. ముప్ఫైసార్లు తీస్తే ఆ అవకాశం 4 శాతానికి పడిపోతుంది. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. అన్ని సంచుల్లోనూ ఉన్నవి ఒకటేనని అప్పుడు చెప్పండి. ఒకే సంగతిని చూసిన ఇద్దరు వేర్వేరు అంకెలు తెచ్చినంత మాత్రాన ఎవరూ అబద్ధమాడినట్టు కాదని పిల్లలకు అర్థమవుతుంది.

సంచి విప్పమని గొడవ చేస్తారు. ఆ రోజు విప్పకండి. "ఎంత నమ్మకంగా చెప్పగలవు, ఏ ఆధారంతో?" అన్నది రాసి తెచ్చాక మర్నాడు విప్పండి. బయటి ప్రపంచంలో సర్వే చేసేవాళ్లకు సంచి విప్పి చూసే అవకాశం ఉండదని కూడా చెప్పండి.

దీనికి కొనసాగింపుగా, పెద్ద డబ్బా నిండా గింజలు పోసి ఎన్నున్నాయో లెక్కపెట్టకుండా చెప్పమనండి. 30 గింజలకు రంగు పూసి తిరిగి కలపాలి, ఆపై చూడకుండా 40 తీయాలి. వాటిలో 6 రంగువి వచ్చాయంటే, మొత్తంలో రంగువాటి వంతు కూడా దాదాపు అంతే అనుకుని 30 × 40 ÷ 6 = 200 అని అంచనా. చెరువులో చేపల సంఖ్యను ఇలాగే అంచనా వేస్తారు.

పీరియడ్ చివర ఐదు నిమిషాలు మిగిలితే పుట్టినరోజుల ప్రశ్న అడగండి. ఏ ఇద్దరిదైనా ఒకే తేదీ అయ్యే అవకాశం సగం దాటాలంటే ఎంతమంది కావాలి? 183 అంటారు. 23 చాలు, ఎందుకంటే 23 మందిలో 253 జంటలుంటాయి. నలభైమంది క్లాసులో ఆ అవకాశం 89 శాతం.

కంప్యూటర్ ఎప్పుడు?

స్ప్రెడ్‌షీట్‌లో క్షణంలో పదివేల పాచికలు వేయొచ్చు. వేయించండి, కానీ చేత్తో కనీసం వంద వేశాకే. చేత్తో వేయని పిల్లలకు తెరమీది అంకెలు పుస్తకంలోని పట్టిక లాంటివే, ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు.

నేర్చుకున్నారో లేదో చూడడం

సూత్రంలో అంకెలు వేసే ప్రశ్నలతో ఇది తెలియదు. నోటు పుస్తకంలోని నాలుగో భాగం, 'ఇప్పుడు నేననుకుంటున్నది', చదవండి. ఊహ తప్పినందుకు మార్కులు తగ్గించకండి. తగ్గిస్తే తర్వాతిసారి ఫలితం చూశాకే ఊహ రాస్తారు.

పరీక్షలో పెట్టదగ్గ ప్రశ్న ఒకటి: నలభైమంది క్లాసులో ఒక్కొక్కరూ పాచికను 20 సార్లు వేశారు. ఒకమ్మాయికి 6 ఒక్కసారి కూడా రాలేదు. ఆమె పాచికలో లోపం ఉందా?

మామూలు పాచికకు అలా జరిగే అవకాశం సుమారు 2.6 శాతం. ఇది మాత్రం లెక్కగట్టి "చాలా తక్కువ, కాబట్టి లోపం ఉంది" అని రాసినవారికి సగం మార్కులు. నలభైమంది వేశారు కాబట్టి మంచి పాచికలతోనే వారిలో సుమారు ఒకరికి ఇలా జరగడం మామూలేనని గుర్తించినవారికి ఇంకొంచెం. అదే పాచికతో ఇంకో వందసార్లు వేసి చూసి చెబుతామని, ఎన్ని 6లు వస్తే అనుమానించాలో ముందే రాసిపెట్టినవారికి పూర్తి మార్కులు.